పెళ్ళి బీరువా అద్దం

నైలు ఒడ్డున కూమ్ దహబ్ గుడికి ముప్పై ఏడేళ్ళుగా కాపలా ఉంటున్న దర్దీర్‌కి రెండు విద్యలు వచ్చు. ఒకటి, ఎండను పట్టుకొచ్చి చీకటి గదిలో పెట్టడం. రెండోది, అబద్ధమాడడం. మొదటిది తండ్రి నేర్పాడు. రెండోది ఎవరూ నేర్పలేదు, ఉద్యోగంలో చేరిన మొదటి ఏడే తనంతట తనకి పట్టుబడింది.

ఎండ పట్టే పనిముట్టు ఒక నిలువుటద్దం. అది గుడిదీ కాదు, సర్కారుదీ కాదు. అతని పెళ్ళికి అత్తవారు ఖెనా పట్నంలో చేయించి నైలు మీద పడవలో పంపిన బీరువా తలుపుది. తండ్రి నాటి అద్దం గాలికి పడి పగిలినప్పుడు, "రెండు రోజుల్లో తెచ్చిస్తా" అని మేకులు ఊడబీకి చంకన పెట్టుకుపోయాడు. ఆ రెండు రోజులు ఇంకా పూర్తి కాలేదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ ఇల్లాలు నీళ్ళ కాగులోకి వంగి కాటుక దిద్దుకుంటోంది, దిద్దుకున్నప్పుడల్లా మొగుడికి నాలుగు అక్షింతలు వేస్తోంది. ఆమె పేరు షలబియ్య. మనలో మనం చెప్పుకుంటున్నాం గనక సరిపోయింది గానీ, పరాయివాళ్ళ ముందు దర్దీర్ ఆ పేరు ఏనాడూ ఎత్తలేదు. ఆ ఊళ్ళో ఏ మగవాడూ ఇంటి ఆడవాళ్ళ పేరు నలుగురిలో ఎత్తడు. "మా ఇంట్లోవాళ్ళు" అంటాడు, మరీ అవసరమైతే "పిల్లల తల్లి" అంటాడు. బళ్ళో ఎవడి తల్లి పేరైనా బయటికి పొక్కిందంటే, వాడికి ఆ ఏడాదంతా ఏడుపే.

ఆ గురువారం పొద్దున దర్దీర్ అద్దాన్ని పాత దుప్పటిలో చుట్టి గుడి ముంగిట్లోకి తెచ్చాడు. చలికాలం చివర, గాలుల నెల ఇంకా రాలేదు. చెరకు తోటల మీద మంచు విడిపోయి ఎండ తేటగా ఉంది. ఫోటోలు తీయడానికి మాగ్దాకి ఇచ్చిన మూడు రోజుల్లో ఇది ఆఖరిది. శనివారం గోడలు శుభ్రం చేసేవాళ్ళు మందులూ దూదీ పట్టుకుని దిగుతారు. వాళ్ళు చెయ్యి పెట్టక ముందు లోపలి గది గోడ ఎలా ఉండేదో అంగుళం అంగుళం ఫోటో తీసి పుస్తకంలో వెయ్యాలి. అదీ ఆమె పని.

మాగ్దా అలెగ్జాండ్రియా మనిషి. నలభై అయిదు దాటి ఉంటాయి, సన్నగా, మాటకి ముందు ఆలోచిస్తూ ఉంటుంది. మొదటి రోజు పెద్ద పెద్ద దీపాలు తెచ్చి గదిలో వెలిగించింది. ఒక ఫోటో తీసి చూసుకుని, ఠాణాలో దొంగని నిలబెట్టి తీసినట్టుందని అన్నీ ఆర్పేసింది. తన గురువు చెప్పగా విన్నదట, ఈ ప్రాంతంలో అద్దంతో ఎండ తెచ్చేవాళ్ళు ఉండేవారని. ఎవరైనా మిగిలారా అని అడిగింది. దర్దీర్ సమాధానం చెప్పకుండా ఇంటికెళ్ళి అద్దం తెచ్చాడు. ఆనాటి నుంచి ఆమె అతన్ని బాబాయ్ అంటోంది, అతను ఆమెను డాక్టరమ్మా అంటున్నాడు. నేను డాక్టర్ని కానని ఆమె రెండుసార్లు చెప్పింది. గుడిలో గంటకి మించి కూర్చుని గోడ చూసేవాళ్ళెవరైనా దర్దీర్ లెక్కలో డాక్టర్లే. ఆమె మాటని అతను అణకువ కింద జమకట్టుకున్నాడు.

పని చూడడానికి తేలికే. ముంగిట్లో అద్దం ఎండని పట్టి గుమ్మంలోకి విసురుతుంది. ఆ వెలుగు స్తంభాల మధ్య నుంచి, ఒకదాని వెనక ఒకటిగా ఉన్న మూడు వాకిళ్ళు దాటి, లోపలి గది నడుమకి వస్తుంది. అక్కడ ఒక చెక్క పలక ఉంటుంది. దానికి టీ పెట్టెల్లోంచి తీసిన తగరపు కాగితం అంటించి ఉంటుంది. ఆ పలక వెలుగుని తిప్పి గోడ మీద పెడుతుంది. చిక్కంతా సూర్యుడితోనే. ఆయన ఒక్క క్షణం నిలవడు. బయట అద్దం పట్టినవాడు వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూనే ఉండాలి. రెండు నిమిషాలు ఏమరితే లోపల వెలుగు జానెడు జారిపోతుంది. ఎప్పుడూ బయట అద్దం దగ్గర తోటి కాపలాదారు కినావి ఉండేవాడు. ఆ మహానుభావుడు ఈ వారమే మేనల్లుడి పెళ్ళికి ఊరెళ్ళాడు. అందుకని దర్దీరే అద్దానికి ఇటుకలు దన్నుపెట్టడం, లోపలికి పరిగెత్తి పలక పట్టడం, వెలుగు జారితే మళ్ళీ బయటికి పరుగు. అరవై నిండిన మోకాళ్ళు రెండు రోజులుగా మూలుగుతున్నాయి. అయినా అతనికి అలుపు తెలియడం లేదు.

ఎందుకంటే ఆ గోడ అలాంటిది. రాజు రెండు చేతులా రెండు అద్దాలు పట్టుకుని ఆవు చెవుల దేవతకి సమర్పిస్తున్నాడు. ఎదురుగా దీపం పెడితే అంతా చదునుగా చచ్చినట్టుంటుంది. అదే ఎండని గోడకి ఆనించి పక్క నుంచి పారిస్తే, చెక్కినవాడి చెయ్యి ఎక్కడ ఆగిందో, ఎక్కడ ముందుకి సాగిందో తెలిసిపోతుంది. మొన్న అలా పారించినప్పుడు దేవత కాలి మీద కడియం, కడియం కింద చర్మం కాస్త ఒత్తుకున్న చోటు కనబడ్డాయి. చిటికెన వేలి గోరుకి కూడా అంచు చెక్కి ఉంది. రెండువేల ఏళ్ళుగా చీకట్లో, ఎవరూ చూడరని తెలిసిన చోట, ఎవరో ఆ గోరు చెక్కాడు. మాగ్దా కెమెరా వదిలేసి గోడ ముందు నేల మీద కూర్చుండిపోయింది. ఆ శిల్పికి ఏం జీతం ఇచ్చినా తక్కువేనని అంది. దర్దీర్‌కి ఆ శిల్పి తన మేనమామ అయినంత గర్వం వేసింది.

అయితే అది గోడకి కింద సగం సంగతి. పై సగం నల్లగా మసి. రాజు మొహం, దేవత మొహం, ఆ చేతుల్లో అద్దాలు, పైన రాతలు, అన్నీ వంటింటి మూకుడు అడుగులా మాడిపోయి ఉన్నాయి. దర్దీర్ అబద్ధం పుట్టింది ఆ మసిలోనే.

అతను ఉద్యోగంలో చేరిన మొదటి చలికాలంలో కైరో నుంచి ఒక పెద్ద అధికారి అతిథుల్ని తీసుకొచ్చాడు. ఆ మసి చూపించి, ఈ మొద్దు పల్లెటూరివాళ్ళు గుడిలో కాపురాలు పెట్టి దేవతల నెత్తిన పొయ్యిలు రాజేశారని చెప్పాడు. "అదుగో, వాళ్ళ మనవడే అయ్యుంటాడు" అని తలుపు దగ్గర నిలబడ్డ దర్దీర్‌ని చూపించాడు. అతిథులు చప్పరించారు, ఒకావిడ నవ్వింది. ఆ మాట ఊరికే అన్నా నిజమే అన్నాడు పాపం. దర్దీర్ నాన్నమ్మ కాపురం చేసింది ఆ గదిలోనే. అప్పట్లో గుడి సగానికి పైగా మట్టిలో పూడి ఉండేది. ఆ మట్టి మీదే ఊరు ఉండేది. లోపలి గది కప్పు కింద ఆమె పొయ్యి ఉండేది. దర్దీర్ తండ్రికి ఏడో ఏట సర్కారువాళ్ళు వచ్చి ఇళ్ళు పడగొట్టి, మట్టి తవ్వి, గుడిని బయటికి తీశారు. పొయ్యి ఉన్న చోటు ఇప్పుడు రెండు నిలువుల ఎత్తున గాల్లో ఉంది.

ఆ రోజు దర్దీర్ తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు మసి గురించి అడిగితే, ఫ్రెంచి సిపాయిలు నిప్పు పెట్టారన్నాడు. ఫ్రెంచివాళ్ళే వచ్చి అడిగితే ఇంగ్లీషు సిపాయిల మీదకి తోశాడు. ఇంగ్లీషువాళ్ళకి మళ్ళీ ఫ్రెంచి సిపాయిలు. కైరోవాళ్ళు వస్తే ఇద్దర్నీ కలిపి తిట్టేవాడు. ఎవరొస్తే వాళ్ళ పగవాళ్ళ నెత్తిన ఆ మసి రుద్దుతూ ముప్పై ఏడేళ్ళు నెగ్గుకొచ్చాడు. ఎవరూ మారు అడగలేదు.

మొన్న మాగ్దా కూడా అడిగింది. అలవాటు చొప్పున సిపాయిల కథ చెప్పాడు. ఆమె శ్రద్ధగా పుస్తకంలో రాసుకుని, అతని పేరు అక్షరం పొల్లుపోకుండా ఉందో లేదో చూడమని చదివి వినిపించింది: "పై సగం మసి. ఫ్రెంచి సిపాయిల మంట వల్ల అని కాపలాదారు దర్దీర్ చెప్పారు." పుస్తకంలో మీ పేరుతోనే వేస్తానంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తన పేరు అచ్చులో పడబోతోంది, అదీ అబద్ధం పక్కన.

అబద్ధం ఒక్కటే అయితే మింగేసేవాడే. ఆ మసిలో ఇంకొకటి ఉంది. దేవత భుజం వెనక, రాత లేని ఖాళీ చోట, ఒక చెయ్యి గుర్తు. నాన్నమ్మకి వరసగా ముగ్గురు మగపిల్లలు పోయారట. నాలుగోవాడు దక్కి నలభై రోజులు నిండినప్పుడు మేకని కోసి, ఆ రక్తంలో చెయ్యి ముంచి, దిష్టి తగలకుండా పొయ్యి పైన గోడకి అద్దింది. ఆ ఊళ్ళో ఇప్పటికీ కొత్త ఇంటికి అలాగే అద్దుతారు. ఆ నాలుగోవాడే దర్దీర్ తండ్రి. రక్తం ఎండిపోయింది, దాని మీద ఏళ్ళ తరబడి పొగ పట్టింది. మామూలుగా చూస్తే ఏమీ కనబడదు. ఎండని గోడకి ఆనించి పారిస్తే మాత్రం ఉల్లిపొరంత మందాన ఐదు వేళ్ళూ లేచి నిలబడతాయి. తండ్రి తన ఆఖరి రోజుల్లో ఒకసారి, ఒక్కసారే, కొడుకు చేత అద్దం పట్టించి చూపించాడు. మా అమ్మ చెయ్యిరా అన్నాడు. ఆ ముసలాయన ఏడవడం దర్దీర్ చూసింది అప్పుడే. ఇంట్లో ఆమె ఫోటో లేదు, సమాధి మీద రాయి కూడా లేదు.

శనివారం దూది పెట్టి తుడిస్తే మసితో పాటు ఆ చెయ్యి కూడా పోతుంది. మూడు రోజులుగా దర్దీర్ గుండెల్లో ఉన్నది ఒకటే మాట: ఆ చేతికి ఒక్క ఫోటో. కానీ అడగాలంటే, ఆ మసి మా ఇంటి పొయ్యిదని చెప్పాలి. చెబితే ఈవిడ కూడా ఆ కైరో ఆవిడలాగే నవ్వుతుందేమో.

ఆ పొద్దున తీయాల్సింది పై సగమే. దర్దీర్ నిచ్చెన వేసుకుని పలక పట్టుకుని పైన నిలబడ్డాడు. మాగ్దా కెమెరాని పొడుగు కాళ్ళ మీద పైకి లేపింది. వెలుగు మసి మీద పారింది. నల్లటి నలుపులోంచి రాజు ముక్కు, పెదవుల చివర చిన్న నవ్వు, దేవత జుట్టులో పాయ పాయా లేచి వచ్చాయి. రాజు చేతుల్లో రెండు అద్దాలూ గుండ్రంగా తేలాయి. మన రాజుగారిదీ నా వృత్తే డాక్టరమ్మా, అని దర్దీర్ పై నుంచి అన్నాడు. మసి పట్టినా కింద ఒక్క గీత చెక్కు చెదరలేదని మాగ్దా పదే పదే తనలో తనే అనుకుంది. ఆమె గొంతులో గౌరవం విని అతనికి ధైర్యం వచ్చింది. పలకని కొద్దిగా ఎడమకి వంచాడు. వెలుగు దేవత భుజం దాటి ఖాళీ చోటికి జారింది.

"బాబాయ్, కుడికి" అంది మాగ్దా.

కుడికి తెచ్చాడు. ఫోటో అయ్యాక మళ్ళీ ఎడమకి జార్చాడు. ఆమె మళ్ళీ కుడికి అంది. మూడోసారి జారినప్పుడు, మీరు అలిసిపోయారు, కాసేపు కూర్చోండని మెత్తగా చెప్పింది. నోటితో చెప్పలేనిది చేత్తో చెబుదామనుకుంటే అదీ కుదరలేదు. ఈలోగా బయట అద్దం దారి తప్పి వెలుగు మొత్తం పోయింది. అతను నిచ్చెన దిగి బయటికి పరిగెత్తాడు.

ముంగిట్లో షలబియ్య నిలబడి ఉంది, నెత్తి మీద అన్నం గంప, ముందు తన బీరువా అద్దం. గంప దించకుండానే అద్దంలో మొహం చూసుకుంటోంది.

"ముసల్దాన్నయ్యానే" అంది. "ఎవురూ చెప్పలా. చెప్పాల్సిన అద్దాన్ని నువ్వు ఎత్తుకుపోతివి."

ఎండలో పులిసి పొంగిన గుండ్రటి రొట్టెలు, కారం పట్టిన పాత జున్ను, ఉల్లికాడలు, చెరకు పాకం తెచ్చింది. మాగ్దాని పిలిచి కూర్చోబెట్టి, మొగుడికి ఒక రొట్టె, ఆమెకి రెండు పెట్టింది. నీ ఒంట్లో కండే లేదు, ఆ యంత్రం ఎట్టా మోస్తున్నావని నిలదీసింది. ఈయన పగలంతా ఎండని లోపలికి మోస్తాడు, ఇంటికొస్తే ఒక కడివెడు నీళ్ళు మొయ్యడని పితూరీ చెప్పింది. మాగ్దా రొట్టె తుంచుకుంటూ నవ్వింది, మీ పేరేంటని అడిగింది. షలబియ్య నోరు తెరిచేలోగానే దర్దీర్ అందుకుని, "మా ఇంట్లోవాళ్ళు" అన్నాడు. షలబియ్య ఉల్లికాడ పటుక్కున కొరికింది.

తిండి అయ్యాక ఆమె కొంగు నడుముకి చుట్టి, అద్దం దగ్గరి ఇటుకలు కాలితో పక్కకి నెట్టింది. ఎట్టా తిప్పాలో చూపించబోయిన మొగుణ్ణి లోపలికి పొమ్మంది. ముప్పై ఏళ్ళుగా అన్నం తెచ్చి, నువ్వు తినేదాకా నేను ఇక్కడ చూసిందేంది, చెరకు బండ్లా, అని అడిగింది. దర్దీర్ గొణుక్కుంటూ నిచ్చెన ఎక్కాడు. వెలుగు వచ్చింది. వచ్చి, గోడకి కొట్టిన మేకులా నిలబడింది. సూర్యుడు జరుగుతున్నాడు, అద్దం జరుగుతోంది, లోపల వెలుగు మాత్రం ఈగ వాలినంత కూడా కదలడం లేదు. కినావి పదిహేనేళ్ళు పట్టినా ఏ రోజూ అలా నిలవలేదు. దర్దీర్ ఆ మాట పైకి అనలేదు గానీ, అతని కడుపు నిండింది.

మిగిలిన ఫోటోలు గంటలో అయిపోయాయి. బయట ముంగిలి గోపురం నీడ సాగుతోంది. నీడ నా కాళ్ళ దాకా వస్తోందని షలబియ్య కేకేసింది. మాగ్దా చివరిది కూడా చూసుకుని, తృప్తిగా కెమెరా మూత చేతిలోకి తీసుకుంది. చాలా బాగా వచ్చాయి, ఇక దిగండి బాబాయ్, అంది.

దర్దీర్ దిగలేదు. ఆమె చేతిలో మూత కేసి చూశాడు. అది పెట్టేస్తే అయిపోయినట్టే.

"డాక్టరమ్మా, ఇంకొక్కటి తియ్యాల" అన్నాడు. "సిపాయిలు ఎవురూ లేరు."

"ఏ సిపాయిలు?"

"మీరు రాసుకున్న సిపాయిలు. ఒక్కడు కూడా రాలా. వాళ్ళు ఏటి అవతల గట్టునే పోయారంట, మా ఊరి మొహం కూడా చూడలా. ఈ మసి మాది. మా నాన్నమ్మ పొయ్యిది."

చెప్పడం మొదలుపెట్టాక ఆపలేకపోయాడు. కైరో అధికారి, నవ్విన ఆవిడ, ముగ్గురు పోయిన పిల్లలు, మేక రక్తం, తండ్రి కన్నీళ్ళు, అన్నీ నిచ్చెన మీద నిలబడే చెప్పాడు. ఆమె మొహం వైపు చూడకుండా పలక వైపు చూస్తూ చెప్పాడు. "దేవత మొహం మీద ఎయ్యలా డాక్టరమ్మా" అన్నాడు చివర్న. "చూడండి, రాత మీద కూడా ఎయ్యలా. కాళీ చోటు ఎతుక్కుని ఏసింది."

మాగ్దా గోడ మూలకి నడిచింది. అక్కడ శుభ్రం చేసేవాళ్ళు కిందటి నెల పరీక్షకని తుడిచిన అరచెయ్యంత చోటు ఉంది. ఆ నలుపు మధ్యలో ఆకాశం ముక్క పడ్డట్టు నీలం మెరుస్తోంది. దర్దీర్‌కి ఆ ముక్కని చూసినప్పుడల్లా, మీవాళ్ళు ఏం పాడుచేశారో చూడు అని గోడ వేలెత్తి చూపిస్తున్నట్టే ఉండేది.

"పక్క గదిలో మసి లేదు కదా బాబాయ్" అంది మాగ్దా. "అక్కడ రంగు మిగిలిందా?"

లేదు. అతనికి తెలుసు. వచ్చినవాళ్ళు తడిమి తడిమి, గబ్బిలాలు పాడుచేసి, అక్కడ ఉత్త రాయి మిగిలింది.

"ఇక్కడ రంగు ఎందుకుందనుకున్నారు? ఆ పొగ పట్టబట్టే ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఏ రాజూ ఇంత బాగా దాచలేదు." ఆమె కెమెరా మూత జేబులో వేసుకుంది. "తుడవడం నేను ఆపలేను బాబాయ్. రాసి పంపుతాను, వింటారో లేదో తెలీదు. ఫోటో మాత్రం తీస్తాను. వెలుగు ఎడమకి తెండి. ఇందాకటి నుంచి మీరు తెస్తున్నారుగా."

అతను పలకని వంచాడు. వెలుగు భుజం దాటింది, ఖాళీ చోట పారింది. మొదట బొటనవేలు లేచింది, తర్వాత మిగతా నాలుగు.

మాగ్దా ఒకటి తీసింది, రెండు తీసింది. కొలత తెలియడానికి పెట్టే నలుపూ తెలుపూ గళ్ళ కర్ర చేతిలోకి తీసుకుని, మళ్ళీ కింద పెట్టేసింది. కర్ర వద్దు, మీ చెయ్యే పక్కన పెట్టండంది. దర్దీర్ కుడిచేత్తో పలక పట్టుకుని, ఎడమ చెయ్యి గోడకి తగలకుండా దాని పక్కన చాపాడు. అప్పుడు చూశాడు. ఆ చెయ్యి అతని చేతిలో సగమే ఉంది. ఆడపిల్ల చెయ్యి. నాన్నమ్మ అంటే పండుముసలిది అనుకుంటూ వచ్చాడు ఇన్నేళ్ళూ. ముగ్గురు బిడ్డల్ని పూడ్చి నాలుగోవాణ్ణి ఒళ్ళో పెట్టుకున్ననాటికి ఆ పిల్లకి ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. అతని పెద్ద మనవరాలి చెయ్యి అంతే ఉంటుంది. దర్దీర్‌కి కళ్ళు మసకేశాయి. పలక మాత్రం కదలనివ్వలేదు.

ఫోటో అయింది. మాగ్దా పుస్తకం తెరిచి, సిపాయిల వాక్యం మీద అడ్డంగా గీత కొట్టింది. కలం పట్టుకుని తలెత్తింది.

"ఆవిడ పేరేంటి బాబాయ్?"

చుట్టూ గోడల నిండా రాజు పేరే. ప్రతి స్తంభానికీ, ప్రతి వాకిలికీ, కప్పుకీ, గడపకీ గుండ్రటి గీతలో బిగించి వేల సార్లు తన పేరు చెక్కించుకున్నాడు. నాన్నమ్మ పేరు పరాయిదానికి చెప్పొచ్చా చెప్పకూడదా అని దర్దీర్ ఒక్క క్షణం తటపటాయించాడు. చెబుదామనే నిశ్చయించుకున్నాడు. తీరా నోరు తెరిచాక తెలిసింది, ఆ పేరు అతనికి తెలియదు. తండ్రి "మా అమ్మ" అనేవాడు. మేనత్తలు ఎప్పుడైనా ఆ పేరు అనుకున్నా, అతను గదిలోకి రాగానే మాట మార్చేసేవారు. అరవై ఏళ్ళు ఆ పేరు దాచి దాచి, దాచినవాళ్ళంతా పోయారు.

"తెలవదు డాక్టరమ్మా" అన్నాడు. అబద్ధం బయటపెట్టినప్పుడు కూడా అతను అంత సిగ్గుపడలేదు.

మాగ్దా కలం అలాగే పట్టుకుని ఉంది.

గుడిలో ఒక గుణం ఉంది. వెలుగు వచ్చే దారినే మాట కూడా వెళుతుంది. ముంగిట్లో కూర్చున్నవాళ్ళకి లోపలి గదిలో గుసగుస కూడా వినబడుతుంది. షలబియ్య అన్నీ వింటూనే ఉంది.

"సత్తూత" అని కేకేసింది బయట నుంచి. "మీ నాన్నమ్మ పేరు సత్తూత. మీ పెద్ద మేనత్త పోయినప్పుడు ఆడవాళ్ళం ఏడుపు పాటలో తల్లి పేరు కలిపి ఏడ్చాం. సత్తూత కూతురా అని మూడు రోజులు గొంతులు పోయేట్టు ఏడ్చాం. మీ మగాళ్ళంతా బయట అరుగు మీద టీలు తాగుతా కూర్చున్నారు."

ఆ పేరు స్తంభాల మధ్య నుంచి మూడు వాకిళ్ళూ దాటి వచ్చింది. టిక్కెట్లిచ్చేవాడు విన్నాడు, గేటు దగ్గర పోలీసు విన్నాడు, దారిలో గాడిద మీద వెళ్ళేవాడు కూడా విని ఉంటాడు. ఇంకో రోజైతే దర్దీర్ తలెత్తుకోలేకపోయేవాడు. ఇప్పుడు మాత్రం పలక పట్టుకుని గోడ వైపు తిరిగాడు. "సత్తూత" అన్నాడు, తన నోటికి అలవాటు చేసుకుంటున్నట్టు, ఇంకోసారి "సత్తూత" అన్నాడు. వెలుగులో ఐదు వేళ్ళూ అలాగే ఉన్నాయి.

మాగ్దా రాసుకుంది. సత్తూత పొయ్యి, సత్తూత చెయ్యి. రాసింది పైకి చదివి, సరిగ్గా ఉందా అని అడిగింది.

దర్దీర్ నిచ్చెన మీంచి వాకిలి వైపు చూశాడు. బయట నీడ అద్దం దాకా వచ్చేసి ఉంటుంది, ఇంకో నిమిషం ఉంటుందేమో వెలుగు.

"సరిగ్గానే ఉంది డాక్టరమ్మా" అన్నాడు. "దాని కింద ఇంకో మాట రాసుకోండి. లోపల పలక పట్టింది దర్దీర్." గొంతు సవరించుకుని, ముంగిటి దాకా వినపడేలా అన్నాడు: "బయట అద్దం పట్టింది షలబియ్య."

అంతసేపూ మేకు కొట్టినట్టు నిలిచిన వెలుగు, గోడ మీద ఒక్కసారి ఉలిక్కిపడి, కప్పు దాకా ఎగిరి, మెల్లగా మళ్ళీ ఆ చేతి మీదకి వచ్చింది.